షిప్‌లో అమ్మే ఫ్యూచర్ క్రూజ్ సర్టిఫికెట్ కొనాలా, వద్దా

చి. ల. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నువ్వూ అల్లుడుగారూ షిప్ ఎక్కుతున్నారని విని చాలా సంతోషించాను. తర్వాతి ట్రిప్పుకి ముందే డబ్బు కట్టించుకుని డిస్కౌంట్ సర్టిఫికెట్ ఇస్తారట, తీసుకోమంటావా అని అడిగావు. ఇందులో మెలికలు చాలా ఉన్నాయి, ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందే నా మాట చెప్పేస్తాను. వాడుకోకపోతే డబ్బు వెనక్కి ఇచ్చే రకమైతే, ఒకటి రెండేళ్లలో మళ్లీ అదే కంపెనీ షిప్ ఎక్కుతామని మీ ఇద్దరికీ గట్టిగా అనిపిస్తే తీసుకోండి. వెనక్కి ఇవ్వని రకమైతే, ఏ నెలలో వెళ్తారో తేల్చుకోకుండా ముట్టుకోవద్దు. డిస్కౌంట్ ఎంత అన్నది ఆ తర్వాత సంగతి.

అన్ని కంపెనీలవీ ఒకటే అనుకుంటారు చాలామంది. అస్సలు కాదు. డిస్నీ వాళ్లు ప్లేస్‌హోల్డర్ అంటారు. 250 డాలర్లు కట్టి పెట్టుకుంటే తర్వాతి ట్రిప్పు టికెట్‌లో 10 శాతం తగ్గిస్తారు, వాడుకోకపోతే ఆ డబ్బు తిరిగొస్తుంది. కాకపోతే సెలవుల రద్దీ ఉండే కొన్ని తేదీలకి చెల్లదు. ప్రిన్సెస్ వాళ్లు మనిషికి 100 డాలర్లు డిపాజిట్ కట్టించుకుంటూ వచ్చారు. అందులో టికెట్ ధర తగ్గదు, షిప్‌లో ఖర్చుపెట్టుకోవడానికి ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తారు. ఎక్కువ రోజుల ట్రిప్పుకి ఎక్కువ క్రెడిట్. నార్వీజియన్ వాళ్లవి క్రూజ్‌నెక్స్ట్ సర్టిఫికెట్లు. ఒక్కోసారి ఒకటి కొంటే ఇంకొకటి బోనస్ అంటారు. ఆ బోనస్‌కి గడువూ షరతులూ వేరుగా ఉంటాయి, అక్కడే జనం బోల్తా పడతారు. ఈ స్కీములన్నీ ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనక నా మాటకన్నా ఆ రోజు మీ చేతికిచ్చే ఫారమే లెక్క.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఏడు రాత్రుల ట్రిప్పుకి ఇద్దరికీ కలిపి 2,400 డాలర్లు అనుకో. అందులో పన్నులూ పోర్టు చార్జీలూ 300. పది శాతం డిస్కౌంట్ అంటే మిగిలిన 2,100 మీదే వస్తుంది, అంటే 210 డాలర్లు. అది మంచి లాభమే, కాదనను. అదే 100 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ అనుకో. షిప్‌లో సర్వీస్ చార్జీ అని మనిషికి రోజుకి 15 నుంచి 20 డాలర్లు వేస్తారు. ఇద్దరికి ఏడు రోజులకి కనీసం 210 అవుతుంది. మీకిచ్చిన క్రెడిట్ అందులో సగానికి కూడా రాదు. పైగా ఆ క్రెడిట్‌లో వాడగా మిగిలింది చాలాసార్లు చేతికివ్వరు, దిగేలోపు ఖర్చు చేయాల్సిందే. వంద డాలర్లు వచ్చాయన్న సంబరంలో వద్దనుకున్న స్పా మసాజ్‌కి ఇంకో వంద కలిపి కట్టేవాళ్లని కళ్లారా చూశాను.

అసలు టికెట్ ధరే ఒక చోట నిలవదు. ఇవాళ 2,400 ఉన్నది మూడు నెలల తర్వాత మూడు వందలు అటూ ఇటూ అవడం మామూలే. జనవరి నుంచి మార్చి దాకా వేవ్ సీజన్ అంటారు, అప్పుడు అన్ని కంపెనీలూ పోటీపడి ఆఫర్లు పెడతాయి. డ్రింక్స్ ప్యాకేజీ, వైఫై, క్రెడిట్ అన్నీ ఇంట్లో కూర్చుని బుక్ చేసినవాళ్లకి కూడా ఇస్తాయి. అందుకని సర్టిఫికెట్ ఒక్కదాన్నే చూసి మురిసిపోకు, మొత్తం ధర చూడు.

షిప్‌లో ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. ప్రయాణం చివర్లో, షిప్ ఏ ఊళ్లోనూ ఆగని రోజున, ఫ్యూచర్ క్రూజ్ డెస్క్ దగ్గర క్యూ కడతారు. వారమంతా వండుకోకుండా తిని, సముద్రపు గాలి పీల్చి, అందరి మనసూ మెత్తగా ఉంటుంది. డెస్క్‌లో కూర్చున్న పిల్ల ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది, రేపు దిగాక ఈ అవకాశం ఉండదంటుంది. ఆ మాట నిజమే, షిప్ దిగాక అలాంటి సర్టిఫికెట్ కొందామన్నా చాలావరకు దొరకదు. కానీ వాళ్లకి అమ్మకం మీద కమీషన్ ఉంటుందని గుర్తుపెట్టుకో. డబ్బు చేతినుంచి తీసివ్వక్కర్లేదు, షిప్‌లో ఖర్చులన్నీ మన ఖాతాలో రాయించే కేబిన్ కార్డు గీస్తే చాలు. ఫొటోలు, కాఫీలు, లాండ్రీతో కలిసి ఆఖరి బిల్లులో ఒక లైనుగా వస్తుంది, అందుకే బరువు తెలీదు.

మా స్నేహితురాలు ఒకామె అలాగే ఒక్క సాయంత్రం నాలుగు కొంది. వెనక్కి ఇవ్వని రకం. తీరా బుక్ చేయబోతే ఒక ట్రిప్పులో ఒక్కో కేబిన్‌కి ఒక్క సర్టిఫికెట్టే వాడాలన్నారు. ఈలోపు వాళ్లాయనకి మోకాలి ఆపరేషన్ అయింది, రెండు సర్టిఫికెట్ల గడువు దాటిపోయింది. చెల్లెలికి ఇద్దామంటే కొన్నవాళ్ల పేరు మీదే చెల్లుతుందన్నారు. అంత జాగ్రత్త గల మనిషి, ఎంత బాధపడిందో నాకు తెలుసు.

అందుకని ఫారం పట్టుకుని కేబిన్‌కి వచ్చెయ్యి. మంచం మీద పరిచి ఇద్దరూ కలిసి చదవండి. అన్నిటికన్నా ముందు గడువు చూడు. 'బుక్ బై' అని ఉంటే ఆ తేదీలోగా టికెట్ బుక్ చేస్తే చాలు, ప్రయాణం తర్వాత ఉండొచ్చు. 'సెయిల్ బై' అని ఉంటే ఆ తేదీలోగా షిప్ ఎక్కాల్సిందే. రెండింటికీ మధ్య ఒక ఏడాది తేడా రావచ్చు. తర్వాత రిఫండ్ కార్డుకి వస్తుందా, మళ్లీ క్రెడిట్ రూపంలోనే ఇస్తారా చూడు. వేరే ఆఫర్లతో కలుస్తుందా, గ్యారంటీ కేబిన్లకి, అంటే ఏ గది అన్నది కంపెనీయే తర్వాత తేల్చే వాటికి, చెల్లుతుందా అన్నవి కూడా అడుగు.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ చెప్పరు. సర్టిఫికెట్ డబ్బు రిఫండ్ వచ్చేదే కావచ్చు, కానీ దాన్ని నాన్ రిఫండబుల్ డిపాజిట్ ఉన్న చౌక టికెట్‌కి వాడితే, ఆ క్షణం నుంచి ఆ డబ్బు కూడా ఇరుక్కుపోతుంది. రద్దు చేసుకుంటే రాదు. బుక్ చేసేటప్పుడు ఏ రకం టికెట్ అని నోరు తెరిచి అడగాలి.

కంపెనీ సంగతి కూడా ఆలోచించు. 2020 జూలైలో బ్రిటన్‌లో క్రూజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ దివాలా తీసింది. 2022 మొదట్లో క్రిస్టల్ అనే కంపెనీ షిప్పులు ఆగిపోయాయి, పేరు వేరే యజమాని చేతిలో తర్వాత బతికింది. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ క్వీన్ వాయేజెస్ మూతపడింది. ముందే కట్టిన డబ్బు ఏ రూపంలో ఉన్నా అది మనం ఆ కంపెనీకి ఇచ్చిన అప్పే. వంద, రెండొందలు పరవాలేదు, వెయ్యి డాలర్లు అలా పెట్టి ఉంచకు. కొంటే క్రెడిట్ కార్డు మీదే కొను, తగువు వస్తే అడగడానికి దారుంటుంది.

ఫోన్ చేసి ఉచిత క్రూజ్, సగం ధరకి సర్టిఫికెట్ అనేవాళ్లతో మాత్రం మాటే వద్దు. సర్వే పేరుతో ఉచిత బహమాస్ క్రూజ్ అంటూ రికార్డు చేసిన గొంతుతో ఫోన్లు చేయించినందుకు 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, పది రాష్ట్రాలు కలిసి కరీబియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ మీద చర్య తీసుకున్నాయి. ఉచితం అన్నదానికి పోర్టు చార్జీలనీ ఇంకేవో అనీ కట్టించుకుంటారు.

మీ టికెట్ ఏజెంటు ద్వారా తీసుకున్నారు కదా, షిప్‌లో ఏదైనా కొంటే అతని పేరు ఫారంలో రాయించు. తర్వాతి బుకింగ్ అతను చూసుకుంటాడు, తన వైపు నుంచి కూడా ఏదైనా ఇవ్వవచ్చు. ఆఖరి రోజు దాకా ఆగక్కర్లేదు, రెండో రోజే డెస్క్‌కి వెళ్లి ఫారం కాపీ అడిగి తెచ్చుకో. సంతకం పెట్టే ముందు రెండు వైపులా ఫొటో తీసి నాకు పంపు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ