టీవీ కొనాలా, బస్సు చార్జీలివ్వాలా?

పిల్లల వార్డులో 31 ఏళ్ళు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైన సిస్టరమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మాది విశాఖ ఎం.వి.పి. కాలనీలో 84 ఫ్లాట్ల అపార్టుమెంటు. వినాయక చవితి ఖర్చులు పోను ఈసారి 62,000 రూపాయలు మిగిలాయి. మా వాచ్‌మన్ కూతురికి, ఆరేళ్ళ పిల్లకి, బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అప్పటి నుంచి అందరి మనసూ అటే ఉంది. పాపకు వైద్యం చేస్తున్న ఆసుపత్రి పిల్లల క్యాన్సర్ విభాగాన్ని పెద్దది చేస్తోందట. బీచ్ రోడ్డులో ఒక ఆదివారం నడక పెట్టి, చుట్టుపక్కల అపార్టుమెంట్లను కూడా కలుపుకుని ఐదు లక్షలు పోగు చేద్దామనుకుంటున్నాం. ప్రతి మంచం దగ్గరా టీవీ పెట్టి గోడలకు బొమ్మలు వేయిద్దామని కొందరు, ఏదైనా మెషిన్ కొని దాని మీద అపార్టుమెంటు పేరు రాయిద్దామని ప్రెసిడెంటుగారు అంటున్నారు. పాప ఫొటోతో ఫ్లెక్సీ వేస్తే డబ్బు బాగా వస్తుందని ఇంకొకరి సలహా. మావారేమో "చివరికి ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో" అంటారు. ఏం చెయ్యమంటారు?
— అసోసియేషన్ కార్యదర్శి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో టీవీ ఉంది, మెషిన్ ఉంది, ఫ్లెక్సీ ఉంది. వార్డులో సిస్టర్ ఏమందో మాత్రం లేదు. అంటే మీలో ఎవరూ ఇంకా ఆ వార్డుకు వెళ్ళి అడగలేదు. అవునా?

మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదులెండి. పదేళ్ళ కిందట మా వీధివాళ్ళం కలిసి ఇలాగే చందాలు వేసుకున్నాం. నేనే ముందు నిలబడ్డాను. ఒక ఆసుపత్రిలో, పేరెందుకు గానీ, క్యాన్సర్ పిల్లలకు ఆట గది కట్టించాం. తివాచీ పరిపించాం, ఊయల వేయించాం, బస్తాడు టెడ్డీ బొమ్మలు కొన్నాం. ప్రారంభం రోజు ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మర్నాడు పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి బొమ్మలన్నీ మూట కట్టించేశారు. కీమో పడిన పిల్లలకు తెల్లకణాలు పడిపోతాయి. చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. దుమ్ము పట్టే బొమ్మ, ఉతకడం కుదరని తివాచీ వాళ్ళ దగ్గర ఉండకూడదు. అన్నేళ్ళు వార్డులో చాకిరీ చేసిన నాకు ఆ మాట తట్టలేదంటే ఏం చెప్పను! ఆ గదిని ఊడ్చి, తుడిచి, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆయాకి జీతం ఎవరిస్తారన్నదీ మేం అడగలేదు, ఆసుపత్రివాళ్ళూ చెప్పలేదు. గదికి తాళం పడింది. ఎనిమిది నెలలు.

సిగ్గు చంపుకుని అక్కడి సిస్టర్ దగ్గరకు వెళ్ళి "అసలు నీకేం కావాలే తల్లీ?" అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "థర్మామీటర్లు" అంది. వార్డుకి కాదు, ఇంటికి వెళ్ళే పిల్లలకి. కీమో తీసుకున్న బిడ్డకు జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. చింతపల్లి అవతల ఊళ్ళో ఉన్న తల్లి నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, పొద్దున్నే చూద్దాంలే అనుకుంటుంది. పొద్దున్నకి ఆలస్యమైపోతుంది. బొమ్మల మీద మేం పోసిన డబ్బుతో డిశ్చార్జయ్యే ప్రతి బిడ్డ సంచిలోనూ ఒక డిజిటల్ థర్మామీటరు పెట్టి పంపి ఉండొచ్చు.

అలాగని టీవీ మాటను తీసిపారెయ్యను. క్యాన్సర్ పిల్లల కోసం జనం చందాలు ఇవ్వడంలో పెద్ద పేరున్న కథ ఒకటి టీవీతోనే మొదలైంది. 1948 మే 22న అమెరికాలో బోస్టన్ ఆసుపత్రి మంచం మీది నుంచి జిమ్మీ అనే పన్నెండేళ్ళ కుర్రాడొకడు రేడియోలో మాట్లాడాడు. బేస్‌బాల్ ఆట చూసుకోవడానికి వాడికో టీవీ కావాలి, దానికీ పిల్లల క్యాన్సర్ పరిశోధనకీ డబ్బు పంపండి అని శ్రోతలను అడిగారు. వాడికి టీవీ వచ్చింది. దాంతోపాటు 2,31,000 డాలర్లకు పైగా వచ్చి పడ్డాయి. జిమ్మీ ఫండ్ అంటే అదే. 1952 కల్లా దాని పేరు మీద భవనమే లేచింది. అయితే ఆ డబ్బు వెనక సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉన్నాడు. ఆ డబ్బుతో ఏం చెయ్యాలో ఆయనకు ముందే తెలుసు. ఆయన లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి చూసిన అమినోప్టెరిన్ మందు ఎక్కడిదో తెలుసా? అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసింది. దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ వాడుతున్నాం. మీ వాచ్‌మన్ పాపకు వెన్నులో సూదితో ఎక్కించే పసుప్పచ్చ మందు బహుశా అదే అయి ఉంటుంది. ఆ సిరంజి పట్టుకున్నప్పుడల్లా నాకు సుబ్బారావుగారు గుర్తొచ్చేవారు. జిమ్మీ రేడియోలో మాట్లాడిన ఆ ఏడాదే ఆగస్టులో ఆయన పోయారు.

ఫ్లెక్సీకి కూడా అక్కడే జవాబుంది. జిమ్మీ ఆ కుర్రాడి అసలు పేరు కాదు. అసలు పేరు ఐనార్ గుస్టాఫ్సన్. పిల్లవాడి వివరాలు బయటపడకూడదని ఫార్బరే ఆ మారుపేరు పెట్టాడు. ఆ పిల్లవాడు బతికి, పెళ్ళి చేసుకుని, మనవల్ని చూసుకున్నాడు. యాభై ఏళ్ళ వరకూ లోకానికి ఫలానా అని తెలియలేదు. 1948 నాటి బోస్టన్‌లో ఆపాటి మర్యాద ఉంటే మనకెందుకు ఉండకూడదు? మీ పాప రేపు బాగై బడికి వెళ్తుంది. గుండుతో ఉన్న ఆ ఫొటో బడిదాకా వెంటాడుతుంది. పెళ్ళి సంబంధాల దాకా కూడా. వాళ్ళ నాన్న కాదనలేడు, మీ గేటు దగ్గర జీతం తీసుకునే మనిషి. అందుకే అసలు అడగకండి.

ఇక అసలు సంగతికొస్తాను. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్‌కి వైద్యం రెండున్నర నుంచి మూడేళ్ళు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు సెలైన్లు, సూదులు, వాంతులు. ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్ళ పాటు రోజూ వేసుకునే మాత్ర ఒకటి, వారానికోసారి వేసుకునేది ఒకటి, మధ్యమధ్య రివ్యూ. అదిగో, ఆ రెండో భాగంలోనే పిల్లలు జారిపోతారు. జుట్టు మళ్ళీ వస్తుంది, బుగ్గలు నిండుతాయి. "బాగానే ఉన్నాడు కదా సిస్టర్" అంటాడు తండ్రి. ఒక రివ్యూకి రావాలంటే పాడేరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం, రెండు రోజుల కూలి, ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మందులకూ మంచానికీ కడుతుంది కానీ పోయిన కూలి కట్టదు కదా. ఒకసారి మానేస్తారు, రెండోసారి మానేస్తారు. ఆర్నెల్లకు రోగం తిరగబెట్టిన బిడ్డను భుజాన వేసుకొస్తారు. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యతరగతి దేశాల్లో 30 మందికి కూడా కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా రావడం, మందు దొరకకపోవడం, మధ్యలో మానేయడం, అన్నీ కారణాలే. మానేయడాన్ని ఆపడం మాత్రం మీ 84 ఫ్లాట్ల చేతిలో పని.

కాబట్టి ఒక్క ఆదివారంతో సరిపెట్టకండి. నడక పెట్టండి, సరదాగా ఉంటుంది, పిల్లలకూ తెలుస్తుంది. కానీ ఫ్లాటుకు నెలకు 100 వేసుకుంటే 8,400. ఏడాదికి లక్ష దాటుతుంది, ఏటా వస్తుంది. శ్రీకాకుళం నుంచో కోరాపుట్ నుంచో వచ్చే కుటుంబానికి చార్జీలు, ఆసుపత్రి దగ్గర నాలుగు రోజులు ఉండటానికి గది, వండుకోవడానికి గ్యాస్. రివ్యూకి రానివాళ్ళకి ఫోన్ చేసి "ఏమ్మా, రాలేదేం?" అని అడిగే మనిషి ఆ విభాగంలో ఉన్నారో లేరో మొదట కనుక్కోండి. లేకపోతే ఆ మనిషి జీతంలో ఒక వంతు మీరు భరించండి. ఆ జీతం మీద ఎవరి పేరూ చెక్కడానికి వీలుండదని ప్రెసిడెంటుగారికి కాస్త నెమ్మదిగా చెప్పండి. అన్నట్టు, క్యాన్సర్ రోగికి వైద్యం కోసం రైలు ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఫారం మీద సంతకం చేసిస్తుంది. సగం మందికి ఈ సంగతే తెలియదు. ఆ ఫారాలు నింపిపెట్టే చదువుకున్నవాళ్ళు ఇద్దరు మీ అపార్టుమెంటులో దొరకరా?

మీవారి అనుమానం మంచిదే, ఆయన్నే లెక్కలు చూడమనండి. నగదు మీ చేతుల్లోకి రానివ్వకండి. ఆసుపత్రిని నడిపే ట్రస్టు ఖాతాకి ఎవరికివారు నేరుగా పంపి, ఎవరి పేరు మీద వాళ్ళు పన్ను మినహాయింపుకు పనికొచ్చే రశీదు తీసుకోవాలి. 2,000 దాటి నగదు ఇస్తే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఎలాగూ రాదు. "ఈ మొత్తం పిల్లల క్యాన్సర్ విభాగంలో ప్రయాణ, వసతి ఖర్చులకే" అని ముందుగా రాయించుకుని, ఆరు నెలలకోసారి ఖర్చు కాగితం అడగండి. కాగితం ఇవ్వడానికి నసిగితే అక్కడ ఆపేయండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా తమ్ముడికి పదహారేళ్ళు, ఎముక క్యాన్సర్. పిల్లల వార్డులో వయసు దాటిందన్నారు, పెద్దల వార్డులో వేశారు. పక్క మంచాల్లో అందరూ తాతలే. వాడు నోరు విప్పడం మానేశాడు. మా కాలేజీ వాళ్ళం డబ్బు పోగు చేస్తే ఈ వయసువాళ్ళకు వేరే గది వస్తుందా?
— గాజువాక

జవాబు: నాయనా, వార్డులో నేను చూసిన పెద్ద లోటు ఇదే. పన్నెండు దాటితే బొమ్మల గోడ నప్పదు, ఇరవై లోపు ముసలివాళ్ళ దగ్గు మధ్య నిద్ర పట్టదు. బ్రిటన్‌లో ఈ వయసువాళ్ళ కోసమే చందాలతో నడిచే టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. వాళ్ళ మొదటి విభాగం లండన్‌లో 1990లో తెరిచారు. ఇక్కడ అంత పెద్దది ఇప్పుడే కాకపోయినా, మూడు మంచాలున్న ఒక మూల చాలు. కర్టెన్, మంచం పక్కనే చార్జింగ్ ప్లగ్గు, వైఫై, ఇంటర్ పాఠాలు చెప్పడానికి వారానికి రెండుసార్లు మీలో ఒకరు. విభాగం పెద్దను కలిసి ఆ మూల అడగండి, ఖర్చు మేం పెట్టుకుంటామనండి.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. కొన్ని కీమో మందులతో తర్వాత పిల్లలు పుట్టే అవకాశం తగ్గుతుంది. ఈ వయసు మగపిల్లలకు కీమో మొదలుపెట్టే ముందు వీర్యం దాచిపెట్టుకునే వీలుంటుంది. మీ తమ్ముడికి ఇంకా మొదలవ్వకపోతే రేపే డాక్టరుగారిని అడగండి. సిగ్గుపడితే మీ నాన్నగారు పడాలి, మీరు కాదు. మొదలైపోయి ఉంటే, ఇప్పుడేం చేయొచ్చో అదీ ఆయన్నే అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. అక్కడి మిత్రులతో కలిసి పిల్లల క్యాన్సర్ వార్డుకి డబ్బు పంపుతానంటున్నాడు. మా కాలనీ సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా?
— లాసన్స్ బే కాలనీ

జవాబు: వద్దు. పాస్‌పోర్టు మారితే, సొంత కొడుకైనా అది చట్టం లెక్కలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు శాఖలో దానికోసం తెరిచిన ఖాతాలోకే. ఆసుపత్రి ట్రస్టుకు ఆ అనుమతి ఉందేమో అడిగి అబ్బాయిని నేరుగా వాళ్ళకే పంపమనండి. భారత పాస్‌పోర్టు ఉంచుకున్న మిత్రులుంటే వాళ్ళ సొంత డబ్బుకు ఈ బెడద లేదు, బ్యాంకు ద్వారా పంపితే చాలు.

ప్రశ్న: ఆటో నడుపుతాను. చందా ఇచ్చే స్తోమత లేదు. నేనేమైనా చెయ్యగలనా సిస్టరమ్మా?
— గోపాలపట్నం

జవాబు: చెయ్యగలవు బాబూ, డబ్బిచ్చేవాళ్ళు చాలామంది చెయ్యనిది. కీమో పిల్లలకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) పడిపోయి ముక్కులోంచి, చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, అందుకే దసరా, సంక్రాంతి సెలవుల్లో కటకట. నీ బరువు 50 కిలోలు దాటి, ఆరోగ్యం బాగుంటే బ్లడ్ బ్యాంకులో ఎస్‌డీపీ దాతగా, అంటే ప్లేట్‌లెట్లు మాత్రమే ఇచ్చే దాతగా, పేరు, ఫోన్ నంబరు రాయించు. మెషిన్ నీ రక్తంలోంచి ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతాది నీకే ఎక్కించేస్తుంది. గంట, గంటన్నర పని. వెళ్ళే ముందు మూడు రోజులు ఆస్పిరిన్ బిళ్ళ వేసుకోకు. ఖాళీ కడుపుతో వెళ్ళకు, ఇడ్లీ తిని వెళ్ళు. నూనె కారే పెసరట్టు ఉప్మా ఆ ఒక్కపూటకి మానెయ్, రక్తంలో కొవ్వు తేలితే వెనక్కి పంపేస్తారు.