వేళ్లతో చదవడం నేర్చుకో

అమ్మలూ,

స్పెషల్ బి.ఎడ్.లో చేరి, చూపులేని పిల్లల విభాగం తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! బ్రెయిలీ అంటే టెన్షన్ పడుతున్నావట. ఉన్నవి ఆరు చుక్కలే, అక్షరాలు తొందరగానే వచ్చేస్తాయి. 1951లో ఖాయమైన, భారతీయ భాషలకు ఉమ్మడిదైన భారతి బ్రెయిలీలో తెలుగు ‘క’కీ హిందీ ‘క’కీ అవే చుక్కలు.

స్లేటు, అంటే గళ్ల చట్రం, దగ్గరే తడబడతావు. స్టైలస్ అనే మొనదేలిన పుల్లతో కాగితం వెనక నుంచి గుచ్చుతాం కాబట్టి కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్టు రాయాలి. కుడి నుంచే మొదలుపెట్టినా, ఒక్కో అక్షరాన్నీ అద్దంలోలా తిప్పడం మరిచిపోయి ‘ఇక’ అని గుచ్చితే, కాగితం తిప్పాక ‘ఏఖ’ అని ఉంటుంది. అందుకే ఆకారాలు కాకుండా చుక్కల అంకెలు గుర్తుపెట్టుకో. చదివేటప్పుడు ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, కుడి పక్క 4, 5, 6. ‘క’ అంటే 1, 3. రాసేటప్పుడు స్లేటు మీద మాత్రం 1, 2, 3 కుడి పక్క ఉంటాయి.

పొల్లు దగ్గర ఇంకా జాగ్రత్త. మనం ఒత్తు అక్షరం కింద రాస్తాం. బ్రెయిలీలో పొల్లు గుర్తు, అంటే 4వ చుక్క, పొల్లుగా పలికే హల్లుకు ముందే పడాలి. కొత్తలో నేను ‘అమ్మ’ రాస్తూ ఆ చుక్కను రెండు ‘మ’ల మధ్య పెట్టాను. మూడో తరగతి పాప వేలితో తడిమి ‘అమమ్’ అని చదివింది. “అంటే ఏంటి టీచర్?” అని అడిగింది. తను సరిగ్గానే చదివింది, తప్పు నాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చుక్కల నీడలు చూసి కళ్లతో చదివితే పరీక్ష గట్టెక్కుతావు. కానీ పిల్లల వేలు ఎక్కడ ఆగుతోందో, ఎందుకు ఆగుతోందో నీకు తెలియదు. పేజీ మీద తువ్వాలు కప్పి, దాని కింద చేతులు పెట్టి రోజూ నాలుగు లైన్లు చదువు. నొక్కకు, తేలిగ్గా జరుపు. మొదట్లో ఇసుక తడిమినట్టే ఉంటుంది. రెండు చేతులూ వాడు.

ఫోనే చదివి వినిపిస్తుంటే ఇదంతా ఎందుకని కొందరంటారు. వింటే కథ తెలుస్తుంది, నిజమే. శ, ష, స ఏ మాటలో ఏది రాయాలో మాత్రం వేలికి తగిలితేనే వస్తుంది. పిల్లలకు ఆ అవకాశం పోనివ్వకు.

సెలవులకు వచ్చేటప్పుడు స్లేటు తెచ్చుకో. నీకో ఉత్తరం బ్రెయిలీలో రాసి ఉంచుతాను. తువ్వాలు నేనిస్తాను.

నీ పెద్దమ్మ