కుర్చీలోంచి లేవడంతోనే మొదలుపెట్టండి

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. కోవిడ్‌తో 12 రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. ఇంటికొచ్చాక తనంతట తాను కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. మేమే రెండు చేతులూ పట్టుకుని లేపుతున్నాం. ఫిజియోథెరపిస్టు ఇంటికి రాలేమని, వీడియో కాల్‌లో చూస్తామని అంటున్నారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. ముందు ఆ చేతులు పట్టి లాగడం మానేయండి. భుజం కీలు దెబ్బతింటుంది, ఆయన కాళ్లకేమో పని తగలదు. ఈ నీరసమంతా ఊపిరితిత్తులదే అనుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచం దిగకపోతే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోతుంది.

చేతులున్న కుర్చీని గోడకు ఆనించండి. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటికన్నా పైకి రాకూడదు. వస్తుంటే సీటు మీద దుప్పటి మడిచి వేయండి, దిండు వద్దు, కుంగుతుంది. అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్లకు సూటిగా వచ్చేదాకా ముందుకు వంగాలి. అప్పుడు కుర్చీ చేతుల్ని నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవాలి. చాలామంది వంగకుండా నిటారుగానే లేవబోతారు, బరువు పాదాల మీదికి రాక వెనక్కి పడిపోతారు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగాలి. కండకు బలం వచ్చేది అక్కడే, కూలబడితే సగం ఫలితం పోయినట్టే.

మూడు నుంచి అయిదుసార్లు, రోజుకు రెండు విడతలు చాలు. మర్నాడు మరీ డీలా పడితే తగ్గించండి, పట్టుదలకు పోవద్దు. ముందూ తర్వాతా ఆక్సీమీటర్‌తో రక్తంలో ఆక్సిజన్ శాతం చూడండి. చల్లటి వేలు తప్పు అంకె చూపిస్తుంది కాబట్టి చేయి వెచ్చబరచి, అంకె నిలిచాకే రాసుకోండి. 3 పాయింట్లు పడిపోతే ఆపేసి డాక్టరుకు చెప్పండి. 90 కన్నా తగ్గి పెరగకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేవగానే కళ్లు తిరిగితే కూర్చోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 తగ్గితే మందులు సరిచూడాల్సి రావచ్చు.

వీడియో కాల్‌లో ఫోను మీ చేతిలో ఉండకూడదు. పక్కనుంచి, రెండు మీటర్ల దూరంలో, నడుం ఎత్తున నిలబెట్టండి. ఆయన తలా పాదాలూ రెండూ కనిపిస్తేనే థెరపిస్టు తప్పు పట్టుకోగలరు. మీరు ఆయన బలహీనమైన వైపు, చేయి అందేంత దగ్గర ఉండండి. సాక్సులు జారతాయి, తీసేయండి.

రోజూ తిండిలో కిలో శరీర బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరునడిగే పెంచండి.