చిన్న వ్యాపారికి బరువయ్యేది వాయిదా తేదీ

“పీర్ టు పీర్ వేదికల ద్వారా చిన్న వ్యాపారులకు అప్పు ఇస్తే డబ్బు తిరిగి వస్తుందా?” అని అడిగారు. అప్పు ఇచ్చేవారిని, అప్పు కావలసినవారిని నేరుగా కలిపే ఆన్‌లైన్ సంస్థలే ఈ వేదికలు. నా డబ్బు చాలావరకు వచ్చింది. పదవీ విరమణ సొమ్ములో లక్ష రూపాయలను మనిషికి రెండేసి వేల చొప్పున యాభై మందికి సర్దాను. నలుగురు పూర్తిగా ఎగ్గొట్టారు, పదకొండు మంది ఆలస్యంగా కట్టారు. ఆ పదకొండు మందినీ మొదట మోసగాళ్ల కిందే జమకట్టాను. తెనాలిలో మా వీధి చివర ఇడ్లీ బండి నడిపే ఆవిడ సంగతి చూశాక ఆ లెక్క తప్పని తెలిసింది.

ఆవిడ అంతకు ముందు డైలీ ఫైనాన్సులో తీసుకునేది. పదివేలని రాసుకుని ఎనిమిదివేల ఐదువందలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ఏడాదికి లెక్క కడితే వడ్డీ నూరు శాతం దాటుతుంది. నేనే నచ్చజెప్పి, గ్రైండరు కోసం ఒక వేదికలో 40 వేలు తీయించాను. ఇరవై నాలుగు శాతం, అంటే మన మాటల్లో రెండు రూపాయల వడ్డీ. పన్నెండు నెలలపాటు నెలకు రూ. 3,782, ప్రతి 5వ తేదీన బ్యాంకు ఖాతా నుంచే కోసుకుంటారు. మూడు వాయిదాలు సాఫీగా వెళ్లాయి. నాలుగో నెల 5వ తేదీ ఉదయం ఖాతాలో 180 రూపాయలు తక్కువయ్యాయి.

“డబ్బు ఇంట్లోనే ఉంది మాస్టారూ, పోపుల డబ్బాలో. పదకొండింటికి బండి కట్టేసి బ్యాంకుకు వెళదామనుకున్నాను” అన్నది. అప్పటికే వాయిదా తిరిగిపోయింది. 180 రూపాయల లోటుకు బ్యాంకు బౌన్సు చార్జీ 590 కోసుకున్నది, వేదిక ఆలస్య రుసుము వేరే. ఎక్కడో కూర్చొని ఆవిడకు అప్పిచ్చిన వారి తెరపై, నాకు కనిపించిన పదకొండు పేర్లలాగే, ఆవిడ పేరు పక్కన కూడా ఎర్ర గుర్తు పడి ఉంటుంది.

రోజు గడిస్తే గాని డబ్బు కనబడని వ్యాపారానికి జీతగాళ్ల నెల వాయిదాను తగిలించడమే ఈ వేదికల అసలు లోపం. ఆలస్యాల్లో సగం ఈ తేదీ పుట్టించినవేనని నా గట్టి నమ్మకం. వడ్డీ ఎంత దారుణమైనా, సాయంత్రం గల్లాపెట్టె నిండిన వేళకు బండి దగ్గరికే వచ్చి వంద పట్టుకెళ్లే డైలీ ఫైనాన్సు మనిషికి ఆ కిటుకు తెలుసు.

ఇక మీ డబ్బు భద్రత విషయానికి వస్తే, రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం వేదిక సొంతంగా అప్పు ఇవ్వరాదు, డబ్బు తిరిగి వస్తుందని హామీ కూడా ఇవ్వరాదు. ఒక రుణదాత ఒకే వ్యక్తికి 50 వేలకు మించి ఇవ్వరాదు. అయినా కొన్ని వేదికలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చని ఆశపెట్టి దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా అమ్మాయి. 2024 ఆగస్టులో దానికి అడ్డుకట్ట పడగానే నా మిత్రులు రిజర్వు బ్యాంకును తిట్టిపోశారు. అప్పిచ్చి, అవతలివాడు కట్టకముందే వెనక్కి రావాలనుకోవడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు.

ఆవిడ ఇప్పుడు రోజూ రాత్రి కొడుకు ఫోను నుంచి ఆ ఖాతాకు 130 రూపాయలు వేయిస్తోంది. ఏడు వాయిదాలు వెళ్లాయి, ఇంకా ఐదు ఉన్నాయి.