ఆయన్ని మళ్ళీ షట్టర్ తియ్యమనడం అబద్ధమా?

ప్రశ్న: గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నానండీ. మొదటిసారి ఫోకస్ తప్పిందని ఆయన్ని షాపు షట్టర్ మూసి మళ్ళీ తియ్యమన్నాను, ఇది మోసం కిందకి వస్తుందా? ఇంకోటి, మాటల్లో పడి కొడుకుతో గొడవ గురించి చెప్తూ ఏడ్చేశారు. రిలీజ్ ఫామ్ (తీసింది సినిమాలో వాడుకోవచ్చని ఒప్పుకునే కాగితం) మీద సంతకం ముందే పెట్టారు కాబట్టి వాడుకోవచ్చా? ఆ సీన్ లేకపోతే సినిమాకి ప్రాణం లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: షట్టర్ గురించి బెంగ పెట్టుకోకండి. ఆయన రోజూ తీసే షట్టరే కదా, ఇంకోసారి తీశారు, అంతే.

ఈ గొడవ డాక్యుమెంటరీ పుట్టినప్పటి నుంచీ ఉంది. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యూట్ జాతి నానూక్ కుటుంబం కథగా 1922లో వచ్చిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' అనే డాక్యుమెంటరీ కోసం దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ మంచు ఇల్లు సగమే కట్టించాడు, ఎందుకంటే మామూలు ఇగ్లూలో కెమెరాకి చోటు లేదు, వెలుతురు అసలే లేదు. దీన్ని నేను తప్పు అనను. కానీ అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యూట్ వాళ్ళ చేత పాతకాలం బల్లేలతో వేట ఆడించి, వీళ్ళు ఇప్పుడు ఇలాగే బతుకుతున్నారు అన్నట్టు చూపించాడు చూడండి, అక్కడ ప్రేక్షకుడు మోసపోయాడు. నానూక్‌గా కనిపించినాయన అసలు పేరు అల్లకరియల్లక్, భార్యలుగా చూపించినవాళ్ళు ఆయన భార్యలు కాదు. అదే ఫ్లాహెర్టీ తర్వాతి సినిమా గురించి రాస్తూ 1926లో జాన్ గ్రియర్సన్ అనే బ్రిటిష్ విమర్శకుడు 'డాక్యుమెంటరీ' అనే మాట వాడాడు, తర్వాత దాన్ని వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం అన్నాడు, ఆ మలచడం ఎంతవరకు అన్నదాని మీదే ఇప్పటికీ వాదనలు. నా లెక్క ఒక్కటే: మీరు చేయించింది తెలిస్తే చూసేవాళ్ళు ఆయన జీవితం గురించి వేరేగా అనుకుంటారా? షట్టర్ విషయంలో అనుకోరు.

రెండోదే నన్ను ఇబ్బంది పెట్టింది. సంతకం పెట్టేటప్పటికి ఆయనకే తెలీదు కదండీ ఏడుస్తానని! ఫామ్ మిమ్మల్ని కోర్టులో కాపాడుతుందేమో గానీ ఆయన్ని కాపాడదు. అమెరికన్ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1966లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌వాటర్ అనే చోట, నేరాలతో వచ్చిన మానసిక రోగుల్ని ఉంచే జైలు ఆసుపత్రిలో 'టిటికట్ ఫోలీస్' అనే డాక్యుమెంటరీ తీశాడు, అది 1967లో వచ్చింది. అధికారుల అనుమతి ఉంది. అయినా ఒంటిమీద బట్టల్లేకుండా కనిపించిన ఆ రోగుల్లో ఎంతమంది తెలిసి సరే అనగలరు? వాళ్ళ ప్రైవసీ పేరుతో కోర్టు మామూలు ప్రేక్షకులకి చూపించకుండా ఆపేసింది, ఆ ఆంక్ష 1991లో గానీ పోలేదు. అక్కడ సిబ్బంది రోగుల్ని ఎలా చూసేవాళ్ళో లోకానికి తెలిసింది కూడా ఆ సినిమా వల్లే, అందుకే దాన్ని ఒక్కమాటలో తప్పని తోసెయ్యలేను, మనసు ఇప్పటికీ రెండువైపులా లాగుతుంది.

మీ కేసులో అంత చిక్కు లేదు, ఆయన్నే అడగొచ్చు. 1960 వేసవిలో పారిస్‌లో జాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ అనే ఇద్దరు మామూలు మనుషుల జీవితాల మీద 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' అనే డాక్యుమెంటరీ తీసి, అందులో ఉన్నవాళ్ళకే ఆ ఫుటేజ్ వేసి చూపించి, వాళ్ళ మాటలు కూడా సినిమాలోనే పెట్టారు, కొందరికి అస్సలు నచ్చలేదు, అదీ పెట్టారు. మీరూ రఫ్ కట్ (ఇంకా ఖరారు కాని ఎడిటింగ్) ఆయనకి చూపించండి, మీ టీమ్ అంతా చుట్టూ కూర్చుంటే మొహమాటానికి సరే అనేస్తారు కాబట్టి మీరొక్కరే వెళ్ళండి. కొడుకు కూడా ఇది చూస్తాడు అని నోరు తెరిచి చెప్పండి, ఎందుకంటే చాలామంది కెమెరాకి చెప్తున్నప్పుడు ఎదురుగా ఉన్న మీకే చెప్తున్నాం అనుకుంటారు. రెండు మూడు రోజులు టైమ్ ఇవ్వండి. వద్దంటే తీసెయ్యండి. ప్రాణం పోతుందన్నారు, ఏం పోదు, కంటికి భూతద్దం పెట్టుకుని ఊపిరి బిగబట్టి చిన్న స్క్రూ బిగించే ఆ చేతులు మీ దగ్గర ఉండే ఉంటాయి, అక్కడ వెతకండి. ఆయన ఏమన్నారో మళ్ళీ రాయండి.