ఈజిప్టు సమాధుల్లో వందలకొద్దీ చిన్న బొమ్మలు ఎందుకు పెట్టేవారు?

చనిపోయినవారికి పరలోకంలోనూ పొలం పని తప్పదని ఈజిప్షియన్ల నమ్మకం. దున్నడం, పొలాలకు నీళ్లు పెట్టడం, ఇసుక మోయడం. ఆ పిలుపు వచ్చినప్పుడు యజమాని బదులు లేచి పలకడానికే ఈ షబ్తీ బొమ్మలు. ఒంటి మీద చెక్కిన మంత్రం, అంటే మృతుల గ్రంథం (చనిపోయినవారి కోసం రాసిన మంత్రాల సంకలనం) లోని 6వ అధ్యాయం, చెప్పేదీ అదే: పిలిస్తే "ఇదిగో ఉన్నాను" అనాలి.

మొదట్లో మనిషికి ఒకటో రెండో చాలేవి. తర్వాత సంఖ్య బాగా పెరిగింది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో 413 దొరికాయి: రోజుకొకరు చొప్పున 365 మంది కూలీలు, పది మందికొకరుగా 36 మంది మేస్త్రీలు, నెలకొకరుగా 12 మంది పెద్ద మేస్త్రీలు.

బొమ్మను దగ్గరగా చూడండి. కూలీ మమ్మీ ఆకారంలో ఉంటాడు. చేతుల్లో పారలు, వీపున విత్తనాల సంచి. మేస్త్రీ చేతిలో కొరడా కనిపిస్తుంది. ఆ మెరిసే నీలం రంగు ఫయాన్స్ అనే పింగాణీ లాంటి పదార్థానిది. క్వార్ట్జ్ పొడిలో కొద్దిగా సున్నం, క్షారం కలిపి అచ్చులో నొక్కి కాల్చేవారు. రంగు రాగి వల్ల వస్తుంది.

బొమ్మ మీద రాసే యజమాని పేరు చాలా ముఖ్యం, బొమ్మ ఎవరి తరఫున పలకాలో చెప్పేది అదే. ముందే చేసి ఉంచిన వాటిలో పేరుకు ఖాళీ వదిలేవారు. కొన్నింట్లో అది నింపకుండానే ఉండిపోయింది.