బయోప్రింటింగ్‌కి జెలటిన్ ఉండగా సింథటిక్ పదార్థాలెందుకు?

జెలటిన్, కొల్లాజెన్ లాంటి సహజ పదార్థాలు దొరుకుతుంటే శరీర కణజాలం ప్రింట్ చేయడానికి సింథటిక్ జెల్స్ ఎందుకని అడిగారు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఈ ప్రింటర్‌తో కుస్తీ పట్టినదాన్ని. నా ఓటు సింథటిక్‌కే.

ఒక మే నెల మధ్యాహ్నం ప్రింట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. ప్రింటర్‌కి యూపీఎస్ ఉంది, ఏసీకి లేదు. సిరంజిలో ఉన్నది బతికున్న కణాలు కలిపిన జెల్మా, అంటే కాంతి పడితే గట్టిపడేలా మార్చిన జెలటిన్. లైటు పడేదాకా దాన్ని నిలబెట్టేది చల్లదనమే. గది వేడెక్కేసరికి నాజిల్ నుంచి గీతకు బదులు చుక్కలు పడ్డాయి. 405 నానోమీటర్ల లైటు వేసేలోపే పొరలన్నీ నెయ్యిలా కరిగి డిష్ అంతా పరుచుకున్నాయి. వాటితోపాటే వారాల తరబడి పెంచుకున్న కణాలూ పోయాయి. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

పక్క సిరంజిలో ప్లూరానిక్ ఎఫ్127 ఉంది, పూర్తిగా సింథటిక్. దీని గుణం ఉల్టా: చలిలో నీళ్లు, వేడిలో జెల్. ఆ ఉక్కలోనూ దాని గీత చెక్కుచెదరలేదు. కణాలు ఇందులో ఎక్కువసేపు బతకవు, నిజమే. కానీ దీని పని వేరు. దీంతో గీత గీసి, చుట్టూ వేరే జెల్ పోసి గట్టిపరిచి, ఫ్రిజ్‌లో పెడితే ఇది కరిగి బయటికొచ్చేస్తుంది. రక్తనాళం లాంటి దారి మిగులుతుంది. అలాంటి దారి లేకపోతే ఆక్సిజన్ 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు, దాటి వెళ్లడం కష్టం, లోపలి కణాలు చచ్చిపోతాయి.

2022లో ఇక్కడే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లు సింథటిక్ ఏమీ కలపకుండా కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ప్రింట్ చేశారు కదా అంటారు. గొప్ప పనే. కానీ కార్నియా అర మిల్లీమీటరు పొర, దానికి రక్తనాళాలే ఉండవు. 2016లో అమెరికాలో ఆంథొనీ అటాలా అనే శాస్త్రవేత్త బృందం చెవి ప్రింట్ చేసినప్పుడు దాన్ని నిలబెట్టింది పాలీకాప్రోలాక్టోన్ అనే సింథటిక్ పాలిమరే.

అయినా సహజం అంటే అంత మోజెందుకో! కణాలు పెంచడానికి వాడే సహజ జెల్ మ్యాట్రిజెల్‌నే చూడండి, దాన్ని తీసేది ఎలుక కణితి నుంచి, ఒక బ్యాచ్‌లా ఇంకోటి ఉండదు. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అనే సింథటిక్ పాలిమర్ అయితే ఎప్పుడు కలిపినా ఒకేలా వస్తుంది. కణాలు దానికి అతుక్కోవంటారు. కణాలు పట్టుకోగలిగే చిన్న ప్రోటీన్ ముక్క, ఆర్‌జీడీ పెప్టైడ్, తగిలించండి, అతుక్కుంటాయి.

ఇక టీవీలో గుండె ప్రింట్ అయిపోయిందని వార్త వచ్చిందంటే చాలు, పెదనాన్న ఫోన్: "కిడ్నీ ఎప్పటికి చేస్తారమ్మా?" అది ఇంకా దూరమేనని ఆయనకి ఎవరైనా చెప్పండి, నావల్ల కావట్లేదు.